మేస్త్రీ ఉన్నన్నాళ్ళు

పాపని కొన్నాళ్ళు మన దగ్గర ఉంచుకోవాలన్న మాట భర్త నోట వచ్చినప్పుడు ఆమె స్టవ్ ముందు నిలబడి పాలు కాస్తోంది.

"చెల్లికి ఊపిరితిత్తుల్లో క్షయట. మామూలు మందులకి లొంగే రకం కాదట. ఆసుపత్రిలో చేర్చుకుంటున్నారు. పిల్లని దగ్గరికి రానివ్వకూడదన్నారు," అన్నాడతను.

"మీ బావగారో?"

"ఓడ మీదున్నాడు. ఒప్పుకున్న గడువు అయ్యేదాకా దిగనివ్వరు."

పాలు పొంగబోయాయి. ఆమె స్టవ్ కట్టేసి, గిన్నె దించి, చుట్టూ తడిగుడ్డతో తుడిచింది.

"ఎన్నాళ్ళు?"

"కొన్నాళ్ళు."

"నాకు పిల్లల్ని పెంచడం చేతకాదు. ముందే చెప్తున్నా."

"నాకు మాత్రం చేతనవునా ఏంటి? బస్సు నడిపినట్టు నడిపేద్దాం."

"బస్సుకి బ్రేకులుంటాయి," అందామె.

అతను సిటీ బస్సు డ్రైవరు. రోడ్డు మీద తిట్టే తిట్లన్నీ ఇంటికొచ్చి నవ్వుతూ అప్పజెప్పే మనిషి. ఆమె కళ్ళద్దాల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టేది. చుట్టుపక్కల వాళ్ళెవరికీ ఆమె పేరు తెలియదు. అద్దాలావిడ అంటే మాత్రం ఇల్లు చూపించేవారు. మాట తక్కువ, శుభ్రం ఎక్కువ. పిల్లలు లేరన్న దిగులు ఆమెకి లేదు. లేదని చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పడం మానేసింది.

ఆడపడుచుతో పెద్ద సఖ్యత కూడా లేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చుట్టాలందరి ముందూ ఆ పిల్ల నవ్వుతూ, "మా వదినది గాజు గుండె. చూడ్డమే గానీ లోపలికి ఎవరూ పోలేరు," అంది. అందరూ నవ్వారు. అద్దాలావిడ కూడా నవ్వింది గానీ ఆ మాట మర్చిపోలేదు.

పాప వచ్చింది. అందమైన పిల్లేం కాదు. ఒంటికి మించిన తల, ఆ తల మీద పలచగా నాలుగు వెంట్రుకలు, ఎప్పుడూ కారే ముక్కు. అప్పుడప్పుడే పాకుతోంది. కొత్త ముఖాలు చూసి మొదలుపెట్టిన ఏడుపు వారం దాటినా ఆపలేదు. అతను డ్యూటీ తెల్లవారుజాముకి మార్పించుకున్నాడు. మధ్యాహ్నం అతను ఇల్లు చేరగానే ఆమె షాపుకి పరిగెత్తేది. షాపు యజమాని సణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

"ఎలా ఉంది పాప?" అని అతను అడిగితే, "తల్లికి అప్పగించేదాకా ప్రాణంతో ఉంచితే చాలండీ. అంతకంటే నేనేమీ అనుకోవట్లేదు," అంది. సరదాకి అనలేదు. నిజంగానే అంతే అనుకుంది.

ఏడుపు తగ్గాక పాప ఇంటిని పరిశీలించడం మొదలుపెట్టింది. గది మధ్యలో కూర్చుని, చూపుడువేలు చాచి, ఒక్కొక్క వస్తువునీ చూపిస్తూ "ఊఁ" అనేది. కుర్చీ, ఊఁ. తలుపు, ఊఁ. మావయ్య బొజ్జ, ఊఁ. చూపించిన దాని గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేదాకా ఆ వేలు దించేది కాదు.

"ఇది పిల్ల కాదే, మేస్త్రీ," అన్నాడతను. "మన పనులు చూసుకోడానికి పైనుంచి పంపించారు."

ఆ పేరే స్థిరపడింది.

ఒకరోజు పొద్దున అద్దాలావిడ వంగి గచ్చు తుడుస్తుంటే మేస్త్రీ వెనకాలే పాక్కుంటూ వచ్చింది. బల్లకోడు పక్కన ఆగి, నేల మీదకి వేలు చాచి, గట్టిగా "ఊఁ" అంది. అద్దాలావిడ వెనక్కి తిరిగి చూసింది. అక్కడ నిజంగానే ఎండిపోయిన పాలచుక్క ఒకటి మిగిలిపోయి ఉంది. ఆమెకి నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, గుడ్డ వదిలేసి నేల మీద చతికిలబడి నవ్వింది. మేస్త్రీ ఆమె ముఖంలోకి వింతగా చూసి, తనూ నవ్వింది. ఉన్నవి రెండే పళ్ళు.

ఆరోజు మధ్యాహ్నం షాపులో ఆమెకి చూపు మసకగా అనిపించింది. తన కళ్ళద్దాలు తీసి చూసుకుంటే, కుడి అద్దం నిండా జిగురు వేళ్ళ ముద్రలున్నాయి. పరాయి పిల్లలు కౌంటరు మీద చెయ్యి వేస్తేనే ముఖం చిట్లించే మనిషి ఆమె. గుడ్డ చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పక్కన పెట్టేసింది. సాయంత్రం దాకా ఆ మసకలోంచే పనిచేసింది. ఇల్లు చేరాక భర్తకి ఆ సంగతి చెప్పలేదు.

వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేది. మాస్కు పైన ఆడపడుచు కళ్ళు మాత్రమే కనిపించేవి. ఆ కళ్ళు పాపని తాగేసేలా చూసేవి. అద్దాలావిడ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఫోన్ చూపించి, "అమ్మ. అదిగో, అమ్మ. అను, అమ్మ," అని పదేపదే చెప్పేది. మేస్త్రీ శ్రద్ధగా నేర్చుకుంది. కాకపోతే అమ్మ అంటే ఫోన్ అనుకుంది. బస్టాపులో ఒక పెద్దమనిషి జేబులోంచి ఫోన్ తీస్తే, ఆయనకేసి వేలు చాచి "అమ్మ" అంది. ఆయన కంగారుపడి అటూ ఇటూ చూశాడు. ఇంటికొచ్చి చెబితే భర్త పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయి, "చెల్లికి చెప్పకు," అన్నాడు.

"చెప్తానా," అందామె.

అత్త అనడం మేస్త్రీకి రాలేదు. "త్తా" అనేది. నడక వచ్చాక ఆ "త్తా" ఇంట్లో ఏ గదిలోంచైనా వచ్చేది. నిద్రకి ముందు ఆమె ఎడమ చెవి తమ్మె పట్టుకుని నలుపుకుంటూ ఉంటే తప్ప కళ్ళు మూసేది కాదు. ఆమె చెవిపోగు తీసి డబ్బాలో పడేసింది. చెవి ఎర్రగా కందిపోయేది.

జ్వరం వచ్చినప్పుడు మొదటిసారి ఆ మాట అంది. ఒళ్ళు కాలిపోతూ, ఆమె భుజం మీద తల వాల్చి, కళ్ళు మూసుకునే "అమ్మా" అని గొణిగింది. దగ్గర్లో ఫోన్ ఏదీ లేదు. అద్దాలావిడ కదలకుండా నిలబడింది. తర్వాత పాప వీపు నిమురుతూ, "అమ్మ కాదురా. అత్త," అంది. మళ్ళీ "అమ్మా" అంది పాప. "అత్తని," అంది ఆమె. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లూ సరిదిద్దింది. సరిదిద్దిన ప్రతిసారీ ఆమె గొంతు సన్నబడిపోయింది.

ఆడపడుచుకి నయమవుతోందన్న కబుర్లు రావడం మొదలైంది. బరువు పెరిగిందట, దగ్గు ఆగిందట. భర్త ఫోన్ పెట్టేసి ఆ కబురు చెప్పినప్పుడల్లా ఆమె "పోన్లెండి, గండం గడిచింది," అనేది. మనస్ఫూర్తిగానే అనేది. ఆ పైన కాసేపు వంటింట్లో పనేమీ లేకపోయినా అక్కడే ఉండిపోయేది.

ఆడపడుచు వచ్చిన రోజున మేస్త్రీకి ఉతికిన గౌను తొడిగి, తల దువ్వి, గుమ్మం దగ్గర నిలబెట్టింది అద్దాలావిడ. ఆటోలోంచి దిగిన మనిషిని గుర్తుపట్టడం ఆమెకే కష్టమైంది. జుట్టు కురచగా కత్తిరించేశారు, మెడ ఎముకలు పైకి తేలాయి. ఆడపడుచు అక్కడికక్కడే మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. "చిన్నీ, అమ్మనమ్మా."

మేస్త్రీ ఆ చేతుల్ని చూసింది. గిరుక్కున తిరిగి, "త్తా" అని అరుస్తూ అద్దాలావిడ చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది.

"కొత్త కదా. రెండ్రోజుల్లో అలవాటవుతుంది," అన్నాడు భర్త.

రెండ్రోజులు కాదు, నెల గడిచింది. తల్లి అన్నం పెడితే ఉమ్మేసేది. తల్లి ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగిపోయేది. తల్లి బొమ్మ కొనిస్తే ఆ బొమ్మని తీసుకొచ్చి అత్త ఒళ్ళో పెట్టేది. ఆడపడుచు పక్కగదిలోకి వెళ్ళి పడుకునేది.

ఒక మధ్యాహ్నం అతను పాపని బయటికి తీసుకెళ్ళాడు. వదినా ఆడపడుచులిద్దరూ గిన్నెలు కడుగుతున్నారు.

"వదినా, ఒక మాట చెప్తే ఏమీ అనుకోవుగా?"

"చెప్పు."

"నువ్వు కనిపిస్తున్నంతసేపూ అది నా వంక చూడదు. నిన్న ఎత్తుకుంటే ఎవరో దొంగ ఎత్తుకుపోతున్నట్టు ఏడ్చింది. నీ తప్పేం లేదు. నువ్వింత బాగా చూసుకోకపోయి ఉంటే నాకిప్పుడు తేలికయ్యేది కదా అనిపిస్తుంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది."

అద్దాలావిడ చేతిలో ఉన్న గిన్నెని తుడుస్తూనే ఉంది. అది ఎప్పుడో ఆరిపోయింది.

"నన్నేం చెయ్యమంటావ్?"

"ఆయన ఓడ దిగుతున్నారు. మేం మా ఊరెళ్ళిపోతాం. కొన్నాళ్ళు నువ్వు అటు రావొద్దు. ఫోన్లో కూడా..."

"కనిపించకూడదు. అంతేగా?"

"అంతే వదినా."

గిన్నె అలమారలో పెట్టి అద్దాలావిడ చెప్పింది. "నిద్రొస్తే చెవి పట్టుకుంటుంది. ఎడమ చెవి ఇవ్వు, నీ పోగు తీసెయ్. గుడ్డులో పచ్చసొన తినదు, బలవంతం చెయ్యకు. నీళ్ళు ముందు కాళ్ళ మీద పోసి, ఆ తర్వాతే తల మీద పొయ్యి, లేకపోతే హడలిపోతుంది. దేనికేసైనా వేలు చూపించిందంటే ఏదో ఒకటి చెప్పు. ఏం చెప్పినా పరవాలేదు. ఊరుకుంటే మాత్రం దానికి కోపం."

ఆడపడుచు కొళాయి గట్టుకి చేరగిలబడి ఏడుస్తూ వింది. "అప్పుడు చుట్టాల ముందు నిన్ను అన్నాను, గుర్తుందా? గాజు గుండె అని."

"గుర్తులేదు," అంది అద్దాలావిడ.

ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టింది. పొద్దున్నే షాపుకి వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చేది. ఇంట్లో ఉన్నా ఎదురుపడేది కాదు. ఒకరోజు స్నానాలగదిలో ఉండగా మేస్త్రీ తలుపు దగ్గరికొచ్చింది. "త్తా" అంది. అరచేత్తో తలుపు కొట్టింది. "త్తా. త్తా." తలుపు కింద సందులో నాలుగు చిన్న వేళ్ళు కనిపించాయి. అద్దాలావిడ కొళాయి పూర్తిగా తిప్పేసింది. బకెట్ నిండి, నీళ్ళు పొంగి, ఆమె పాదాల మీదుగా పోతున్నాయి. బయట ఆడపడుచు గొంతు వినబడింది. "రా చిన్నీ, అత్త పనిలో ఉంది, రా." కాసేపు పెనుగులాట, ఏడుపు. తర్వాత ఏడుపు దూరమైంది. ఆమె కొళాయి కట్టలేదు.

వాళ్ళు ప్రయాణమైన రోజున పాప లేవకముందే ఆమె షాపుకి వెళ్ళిపోయింది.

"పాప వెళ్ళిపోతోందటగా? హమ్మయ్య, ఇక నీకు కాస్త తెరిపి," అన్నాడు యజమాని.

"అవునండీ," అంది.

ఆరోజు ఎవరిదో జతలో కుడి అద్దాన్ని ఎడమవైపు, ఎడమ అద్దాన్ని కుడివైపు బిగించింది. యజమాని చూసి తనే విప్పదీశాడు.

ఆ తర్వాత భర్త చెల్లెలికి ఫోన్ చేసినప్పుడల్లా ఆమె వంటింటి తలుపు చాటున నిలబడేది. అక్కడికి ఫోన్లో ముఖాలు కనబడవు, మాట మాత్రం వినబడుతుంది. మొదట్లో పాప మావయ్యని చూడగానే "త్తా ఏదీ?" అనేది. కొన్నాళ్ళకి ఆ ప్రశ్న తగ్గింది. పాపకి కొత్త మాటలొచ్చాయి, పిల్లి, చెప్పులు, వద్దు, నాది. ఒకసారి ఆడపడుచు ఉత్సాహంగా, "అన్నయ్యా, ఇప్పుడు అత్తని అడగడం మానేసింది తెలుసా," అంది. అతను తలుపు వైపు చూశాడు. చాటునున్న ఆమె చీర కొంగు మాత్రం అతనికి కనిపించింది.

వానలు వెలిశాక ఆడపడుచే పిలిచింది. "రా వదినా. ఇక పరవాలేదు."

ఇద్దరూ వెళ్ళారు. మేస్త్రీ పొడుగు సాగింది. తల ఒంటికి తగ్గట్టుంది, రెండు పిలకలు వేసేంత జుట్టొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అద్దాలావిడని ఎగాదిగా చూసి, తల్లి కాళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి, "ఎవలు?" అని అడిగింది.

"అత్తమ్మా. నీకు అన్నం పెట్టి, జోకొట్టి..." అంటూ ఆడపడుచు పాపని ముందుకి తోస్తోంది.

"ఉండనీ. బలవంతం చెయ్యకు," అంది అద్దాలావిడ.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఆడపడుచు ఒళ్ళు చేసిందని, రంగు తేలిందని మెచ్చుకుంది. తెచ్చిన బిస్కెట్లు బల్ల మీద పెట్టింది. కాసేపటికి మేస్త్రీకి బెరుకు పోయింది. కొత్తగా వచ్చిన చుట్టాలకి చూపించినట్టు తన చెప్పులు, తన బంతి, తన మంచం చూపించింది. మధ్యాహ్నం నిద్రకి తల్లి చెవి పట్టుకుని పడుకుంది. అద్దాలావిడ పక్కగదిలోంచి చూసింది. ఆడపడుచు రెండు చెవులూ బోసిగా ఉన్నాయి.

బయల్దేరేటప్పుడు మేస్త్రీ తల్లి చంకలో కూర్చుని హుషారుగా చెయ్యి ఊపింది. "టాటా. టాటా." ముఖంలో ఏ బెంగా లేదు. పాలవాడికి చెప్పినట్టు, పక్కింటివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. ఆడపడుచు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అద్దాలావిడ మలుపు దాకా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే నడిచింది.

బస్సులో ఆమెకి కిటికీ సీటు ఇచ్చాడు భర్త. బస్సు ఊరు దాటింది.

"బాగుంది. ఆరోగ్యంగా ఉంది," అంది ఆమె.

"ఊఁ."

"నన్ను పూర్తిగా మర్చిపోయిందండీ."

అతను ఆమె వైపు తిరిగి, "అలాగే జరగాలని కదా మనం చేసింది," అన్నాడు.

"అవును. అలాగే జరగాలి," అంది. ఆ మాట అంటూనే ఆమె నోరు వంకరపోయింది. ముందుసీటు కమ్మీ మీద తల ఆనించి ఏడ్చింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా ఏడవగా అతను చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక ఆమె వీపు మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేశాడు.

అటుపక్క సీట్లో ఉన్న ముసలావిడ కాసేపు చూసి, ఇటు వంగి మెల్లగా అడిగింది. "ఎవరైనా పోయారా తల్లీ?"

అద్దాలావిడ తల పైకెత్తి, కళ్ళద్దాలు తీసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"లేదండీ. ఎవరూ పోలేదు. అందరూ బాగున్నారు," అంది. ముసలావిడ తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది.