నూటికి డెబ్బై ఆరు

మార్చిలో ఒక మంగళవారం, ఉదయం పదకొండు దాటిన కాసేపటికి, ఉట్రెక్ట్‌లోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గది గోడకున్న ఫోను మోగింది. ల్యాబ్ నుంచి. గడ్డకట్టించి దాచిన మూలకణాలను కరిగించి చూస్తే నూటికి డెబ్బై ఆరే బతికున్నాయని, అవి పనికిరావని అవతలి గొంతు చెప్పింది. అప్పటికే బల్ల మీద మనిషి మోకాలు తెరిచి ఉంది.

ఆ మనిషి పేరు యిక్కె టెర్ప్‌స్ట్రా. వయసు ముప్పై ఆరు. వీధుల్లో ఇటుకలు పరిచే పని ఆమెది. పదిహేడేళ్లుగా ఆ ఊరి పేటల్లో ఇసుక మీద మోకాళ్లూని ఇటుక పక్కన ఇటుక పేరుస్తోంది. రెండేళ్ల కిందట తవ్వే యంత్రం మీంచి దిగుతుంటే కుడి మోకాలు మెలిపడింది. తొడ ఎముక చివర మృదులాస్థి ఊడి, రెండు యూరోల నాణెమంత గుంట పడింది. ఎముక విరిగితే అతుక్కుంటుంది గాని మృదులాస్థి తనంతట తాను పెరగదు. కంపెనీ ఆమెకు ఆఫీసులో కుర్చీ చూపించింది. మూడు వారాలు కూర్చుంది. ఏ వీధికి ఎన్ని ఇటుకలు కావాలో తెర మీద లెక్కలు వేసింది. తర్వాత వెళ్లి డాక్టరును కలిసింది.

డాక్టరు రైనౌట్ హాల్బెర్ట్స్‌మా బొమ్మ గీసి చెప్పాడు. గుంట అంచుల్లో వదులైన మృదులాస్థిని గీకి తీస్తారు. దాన్ని అదే వరండా చివరున్న ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ గంట లోపల అందులోని కణాలను విడదీస్తారు. ఎవరో ఒక దాత తన ఎముక మజ్జ ఇచ్చాడు. ఆ మజ్జలోంచి తీసిన మూలకణాలు తొమ్మిది పాళ్లు, ఆమె సొంత కణాలు ఒక పాలు కలిపి, జిగురులో పెట్టి వెనక్కి పంపుతారు. గుంటలో నింపి కుట్టేస్తారు. ఇదివరకు కణాలను వారాల తరబడి పెంచాల్సి వచ్చేది, మోకాలు రెండుసార్లు కోయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కసారే.

"అంటే పాత ఇటుకలే ఏరుకుని, కింద కొత్త ఇసుక పోసి, మళ్లీ పరుస్తారన్నమాట," అంది యిక్కె.

హాల్బెర్ట్స్‌మా కలం కింద పెట్టాడు. "నేను ఇరవై నిమిషాలు చెప్పింది ఇంతేనా?"

ఆ మంగళవారం ఆమె నడుముకు సూది వేశారు. బొడ్డు కింద ఏమీ తెలియదు. నిద్రపుచ్చుతామంటే వద్దంది. మధ్యలో తెర కట్టారు కాబట్టి కాలు కనపడదు, మాటలన్నీ వినపడతాయి. తల దగ్గర మత్తు విభాగం నర్సు మెర్సీ లాతుహేరు కూర్చుంది. ఆమె పెద్దది, రిటైరవడానికి రెండేళ్లుంది. ముక్కలు ల్యాబ్‌కు వెళ్లాక ఇద్దరూ కబుర్లలో పడ్డారు.

"ఆ మజ్జ ఇచ్చిన మనిషెవరక్కా?"

"ఎవరికీ చెప్పరు పిల్లా."

"ఆమ్‌స్టర్‌డామ్ వాడైతే నాకొద్దు. వాళ్ల అజాక్స్ ఫుట్‌బాల్ జట్టుకు చప్పట్లు కొట్టే మనిషి కణాలు నా కాల్లోనా?"

"కాలు మనూరిది. ఎక్కణ్ణించి వచ్చినా ఇక్కడ మనవైపే ఆడాలి."

ఫోను మోగింది అప్పుడే. హాల్బెర్ట్స్‌మా చేతులకు తొడుగులున్నాయి కాబట్టి ఇంకో నర్సు మీట నొక్కి గొంతు అందరికీ వినిపించేలా చేసింది. మాట్లాడుతున్నది ల్యాబ్ చూసే వెండెలిన్ క్రూస్.

"డెబ్బై ఆరు. రెండుసార్లు లెక్కపెట్టాం, ఇద్దరం విడివిడిగా. ఇవ్వను."

"ఎంతుండాలి?" తెర ఇటునుంచి యిక్కె అడిగింది.

"ఎనభై," అన్నాడు హాల్బెర్ట్స్‌మా.

"నాలుగేగా తక్కువ. వేసేయండి."

ఫోనులోంచి వెండెలిన్ అడిగింది. "ఎవరది?"

"మోకాలి ఓనర్ని."

"ఓనరుగారూ, ఇవ్వను."

యిక్కె తల తిప్పింది. "డాక్టరుగారూ, మీరు చెప్పండి ఆవిడకి."

"చెప్పినా వినదు. నేను చెప్పకూడదు కూడా. ఈ గదిలో మాట నాది, ఆ గదిలో ఆమెది."

"మోకాలు నాది కదా."

"అందుకే," అంది వెండెలిన్. "చచ్చిన కణాలు ఊరికే పడి ఉండవు. పక్కనున్న మంచివాటిని కూడా పాడుచేస్తాయి. మీ సొంత కణాలు ఇక్కడ నా దగ్గర బాగానే ఉన్నాయి, కానీ రేపటిదాకా ఉండవు. మళ్లీ తీద్దామంటే మీ మోకాల్లో వదులు ముక్కలు ఇంక లేవు. ఇవాళ వేసేది మంచిదే వేయాలి."

"ఇంకో సీసా ఉందా?" అడిగాడు హాల్బెర్ట్స్‌మా.

"ట్యాంకులో చాలా ఉన్నాయి. పరీక్షలు పూర్తయి వాడటానికి అనుమతి వచ్చినవి రెండే. ఒకటి ఇది. రెండోది రేపటి మనిషిది."

మంచి కణాలు దొరక్కపోతే ఏం చేయాలో హాల్బెర్ట్స్‌మా యిక్కెకు ముందే చెప్పాడు. గుంట అడుగున ఎముకకు సన్నటి చిల్లులు పెడతారు. నెత్తురు ఊరి, గడ్డకట్టి, మచ్చలాంటి పొర ఏర్పడుతుంది. చిన్న గుంటలకు అది చాలు. ఇంత గుంటకు, మోకాళ్ల మీద చేసే పనికి, రెండేళ్లు నిలిస్తే గొప్ప. ఆ తర్వాత ఆఫీసు కుర్చీయే.

"ఆ రేపటి మనిషితో నన్ను మాట్లాడనివ్వండి," అంది యిక్కె.

"ఆయన పేరు మీకు తెలియకూడదు. మీ పేరు ఆయనకీ తెలియకూడదు."

"ఇటుకలు పరిచే మనిషని చెప్పండి, చాలు."

"అదీ చెప్పను. నేనే అడుగుతాను." ఫోను పెట్టేసింది.

హాల్బెర్ట్స్‌మా మోకాలి మీద తడిగుడ్డ కప్పి, నెత్తురు ఆపడానికి తొడకు బిగించిన పట్టీ గాలి తీయించాడు. స్టూలు లాక్కుని చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. మెర్సీ ఐసు ముక్కతో యిక్కె పొట్ట పక్కన తాకి, కొంచెం కింద తాకి, చల్లగా తెలుస్తోందా అని అడుగుతూ వచ్చింది.

"కాలివేళ్లు కదులుతున్నాయా?"

"లేదు."

"అబద్ధం. ఇప్పుడే కదిలింది, చూశాను."

"అది ఎడమ కాలక్కా. కోసింది కుడిది."

"రెండిటికీ ఒకటే సూది పిల్లా. మత్తు దిగుతోంది. ఆలస్యమైతే నిద్రపుచ్చాల్సిందే."

"పుచ్చండి. కణాలొచ్చాక."

ఫోను మళ్లీ మోగింది. యిక్కె కళ్లు మూసుకుంది.

"ఆయన సంచి సర్దుకుని, రేపటి నుంచి సెలవు పెట్టుకుని కూర్చున్నారు," అంది వెండెలిన్. "సంగతి చెప్పాను. మనిషి ఇప్పటికే బల్ల మీద ఉన్నారా అని అడిగారు. ఉన్నారన్నాను. అయితే నాతో కబుర్లేంటి, వెళ్లి పని చూసుకో అన్నారు."

హాల్బెర్ట్స్‌మా స్టూలు మీంచి లేచాడు. "కరిగించు."

"కరుగుతోంది."

యిక్కె కళ్లు తెరిచింది. "ఆయనకు ఒక కేకైనా పంపొచ్చా?"

"ఏ చిరునామాకి?" అంది మెర్సీ.

అరగంట పట్టింది. ల్యాబ్‌లో వెండెలిన్ ఒకసారి, ఆమె తోటి ఉద్యోగి ఒకసారి లెక్కపెట్టారు. తొంభై ఒకటి, తొంభై. ఇద్దరూ సంతకాలు పెట్టాక వెండెలిన్ సిరంజిని తానే తెచ్చి గుమ్మం దగ్గర అందించింది. లోపల ఉన్నది చెంచాలో సగం కూడా లేదు. తరవాణి రంగులో ఉంది.

పట్టీ మళ్లీ బిగించారు. చూస్తానని యిక్కె అడిగితే, హాల్బెర్ట్స్‌మా తల ఊపాడు. మెర్సీ తెర పక్కనున్న చిన్న టీవీని ఆమె వైపు తిప్పింది. గుంట శుభ్రంగా ఉంది. అంచులు నిటారుగా కోసి ఉన్నాయి. తాను వీధి చివర ఇటుకలను అలాగే కోస్తుంది. సిరంజి మొన గుంట మధ్యకు వచ్చింది. చుక్క చుక్కగా నిండింది. అంచు దాకా వచ్చాక హాల్బెర్ట్స్‌మా చెయ్యి ఆగింది. జిగురు గట్టిపడేదాకా అందరూ నిలబడ్డారు. తర్వాత అతను మోకాలిని మడిచాడు, చాపాడు, మళ్లీ మడిచాడు. నింపింది కదల్లేదు.

ఆఖరి కుట్లు వేస్తుంటే యిక్కెకు లాగుతున్నట్టు తెలిసింది. మెర్సీతో చెప్పలేదు. మెర్సీ ఆమె ముఖం చూసి డాక్టరును ఆపి, మందు వేయించింది.

మధ్యాహ్నం వార్డులో చీజ్ పెట్టిన రొట్టె, గ్లాసు మజ్జిగ ఇచ్చారు. నాలుగింటికి ల్యాబ్ టోపీ చేత్తో పట్టుకుని ఒక స్త్రీ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"మీరేనా నన్ను ఓనరుగారన్నది?" అంది యిక్కె.

"నేనే."

"డెబ్బై తొమ్మిదైతే ఇచ్చేవారా?"

"లేదు."

"డెబ్బై తొమ్మిదిన్నర?"

"మజ్జిగ తాగండి," అంది వెండెలిన్.

యిక్కె తాగింది. గ్లాసు కింద పెట్టి, "ఇటుకంత గట్టి మనిషి మీరు. మా జట్టులోకి వస్తారా?" అంది.

"మోకాళ్లు పాడవుతాయటగా."

వేసవి మొదలయ్యేదాకా యిక్కె చంకకర్రల మీద నడిచింది. ఆ తర్వాత సైకిలు తొక్కింది. శీతాకాలంలో రోజుకు రెండు గంటల పని మొదలుపెట్టింది, నిలబడి చేసేది. మొదటి సీసాలో కణాలు ఎందుకు చచ్చాయో ల్యాబ్ వాళ్లు వెతికారు. కారణం తేలలేదు. రేపటి మనిషికి ఆపరేషన్ అయిదు వారాల తర్వాత జరిగింది. ఆయన పేరు యిక్కెకు చెప్పలేదు.

మరుసటి ఏడాది ఏప్రిల్లో హాల్బెర్ట్స్‌మా సన్నటి గొట్టంతో మోకాలి లోపల చూశాడు. గుంట అంచుల మట్టానికి నిండి ఉంది. కడ్డీతో నొక్కితే గట్టిగా ఉంది. బియ్యపు గింజంత ముక్క తీసి ల్యాబ్‌కు పంపాడు. పది రోజులకు వెండెలిన్ ఫోను చేసింది. అందులో ఉన్నది మృదులాస్థే. కణాలన్నీ యిక్కెవే. దాత కణాల జాడ ఎక్కడా లేదు. అవి ఆమె కణాలను పనిలోకి లేపి, తాము పోయాయని ల్యాబ్ వాళ్లు అనుకుంటున్నారు.

మే నెలలో కంపెనీ డాక్టరు పూర్తి పనికి అనుమతి ఇచ్చాడు. ఆ తర్వాతి సోమవారం ఉట్రెక్ట్‌లోనే లోంబోక్ అనే పేటలో ఒక వీధి ఇటుకలు లేపి, ఇసుక మార్చి, మళ్లీ పరిచారు. యిక్కె ఆ రోజు ఏడింటికి పనిలోకి వచ్చి, నాలుగింటిదాకా మోకాళ్ల మీద పని చేసింది.