ఛుట్టీ నెల లెక్క

పరశురాములు షార్జా నుంచి ఛుట్టీ మీద వస్తున్నాడంటే కోరుట్లలోని ఆ చిన్న ఇల్లు ముందు నెల నుంచే వేషం మార్చుకునేది. రాధ గోడలకు సున్నం వేయించేది. మంచం మీదికి కొత్త దుప్పటి కొనేది. తను బీడీలు చేసుకునే చాటను, తునికాకు కట్టలను తీసుకుపోయి పక్కింటి కిష్టవ్వ దగ్గర పెట్టి వచ్చేది. ఏండ్ల కింద ఒక ఛుట్టీలో ఆయన ఆ చాటను చూసి, "నేను గంత దూరం పోయి కష్టపడేది, నువ్వు గిట్ల నడుము ఒంగేదాక బీడీలు చేసెటందుకా?" అన్నాడు. కోపంతో కాదు, బాధతోనే అన్నాడు. అప్పటి నుంచి ఆయన ఉన్నన్ని రోజులు చాట ఇంట్లో కనపడలేదు. అడిగితే, "పొద్దుపోనప్పుడు ఇన్ని చేస్త, గంతే," అని దాటేసేది.

పరశురాములు ఒకప్పుడు సిరిసిల్లలో సాంచెలు నడిపిన మనిషి. మరమగ్గాలను అక్కడ సాంచెలనే అంటారు. పని సాగని రోజుల్లో అప్పుచేసి గల్ఫ్ విమానం ఎక్కాడు. కర్టెన్లు కుట్టే కంపెనీలో కూలీగా చేరి, ఇరవై నాలుగేండ్లలో స్టోర్ చూసుకునేవాడయ్యాడు. రెండేండ్లకోసారి రెండు నెలలు వచ్చేవాడు. ఆ రెండు నెలలు పొయ్యి ఆరేది కాదు. మటను, చేపలు, గారెలు, మధ్యాహ్నానికి కల్లు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. వచ్చినవాళ్ల చేతిలో ఒక సెంటు సీసానో, చీరో పెట్టకుండా పంపితే ఊరు ఊరుకోదు. "దుబాయి మొగడు వచ్చినా ఆమె ఇంట్ల పచ్చిపులుసే," అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే చచ్చేదాకా వెంట వస్తుంది.

ఈసారి ఛుట్టీ మామూలుది కాదు. ఆయనకు అరవై దగ్గరపడ్డాయి. వచ్చిన వారానికి రాధతో సంగతి చెప్పాడు. కంపెనీ వాళ్లు రెండు దారులు చూపించారట. లెక్క తేల్చుకుని పైసలు పట్టుకుని ఇంటికి పోవచ్చు. లేదంటే పాతమనిషి కాబట్టి గోదాం కాపలాకు ఉండిపోవచ్చు. గది వాళ్లదే, తిండి వాళ్లదే, దవాఖాన కార్డు వాళ్లదే. కాళ్లు ఆడినన్నాళ్లు ఉండమన్నారు. ఛుట్టీ అయిపోయేలోపు ఏదో ఒకటి చెప్పాలి.

"ఏమంటవ్?" అన్నాడు.

"నేనేమంట. నీ ఇష్టం," అంది రాధ.

ఉండిపోతే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. నోటితో అడిగి ఆపితే, రేపు ఏ కష్టమొచ్చినా 'నువ్వు ఆపబట్టి' అనిపించుకోవాలని భయం. అందుకని నోరు మూసుకుని చేతులకు పని చెప్పింది. ఇల్లు ఆయన మనసుకు పట్టాలి, అంతే. ఏ ఛుట్టీలోనూ వండనన్ని కూరలు ఈసారి వండింది. మహిళా సంఘంలో అప్పు ఎత్తి మరీ వండింది.

నెల దాటాక ఇద్దరూ కలిసి జగిత్యాలలో ఉన్న బిడ్డ సంధ్యారాణి ఇంటికి పోయారు. ఒక రాత్రి ఉండి, పొద్దున సిరిసిల్ల బస్సెక్కారు. ఆయన అక్క ఐలవ్వను చూడాలి. ఛుట్టీకి వచ్చి అక్కను చూడకపోతే ఐలవ్వ ఏడాదంతా దెప్పుతుంది. బస్సు వేములవాడ దారి పట్టింది. రాధ కిటికీ పక్కన కూర్చుంది.

"రేపు మేనేజర్‌కు ఫోన్ చేస్త," అన్నాడు పరశురాములు.

"ఏమని?"

"గోదాం కాడ ఉంటనని."

రాధ బయటికి చూసింది. కోసిన వరి పొలాలు వెనక్కి పోతున్నాయి. "ఇల్లు నచ్చలేదా?" అంది.

"ఇల్లు నచ్చకేంది. గీ ఇంటిని సాకుడు నాతోని కాదు రాధా. ఖుల్లంఖుల్లా చెప్తున్న. లెక్క తేల్చుకుంటె కంపెనీ ఏడు లక్షలు ఇస్తది. బ్యాంకుల ఆరు ఉన్నయి. నెలకు నలభై అయిదు వేలు పోతుంటె గవి ఎన్ని రోజులు? రెండేండ్లు దాటంగనే చేతులు దులుపుకునుడే. అటెన్క ఎవల ముందట చెయ్యి చాపాలె? అల్లుని ముందటనా? గాడ ఉంటె నాకు ఖర్చు లేదు, నీకు ఇంత పంపొచ్చు. ముసలితనం గాన్నే ఎల్లదీస్త."

"నలభై అయిదు వేలా? ఎవలింట్ల?"

"మనింట్లనే. పోయిన నెల నాకు కనవడ్డ ఖర్చే గంత. పోయిన ఛుట్టీల గూడ గప్పటి ధరలల్ల గంతే అయింది. ప్రతిసారి చూస్తనే ఉన్న. ప్రతిసారి ఇగ వచ్చేద్దామనే వస్త. లెక్క చూసుకుంట. మల్ల ఎక్కుత."

కండక్టర్ వచ్చి చిల్లర లేదని ముందు సీటువాళ్లతో గొడవ పెట్టుకున్నాడు. ఆ మాటలేవీ రాధ చెవికి ఎక్కలేదు. ప్రతిసారీ అన్నాడు. ప్రతిసారీ వచ్చేద్దామనే వచ్చాడట. పెండ్లింట్లో విస్తరి ముందు కూర్చున్నవాడు ఆ ఇంట్లో రోజూ ఇట్లనే వండుతారనుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆయన లెక్క. కాని ఆయన తప్పేముంది? ఛుట్టీ నెల తప్ప ఆ ఇంట్లో ఇంకో నెల ఎట్లా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడనే లేదు. చూడనిచ్చింది ఎవరు?

"నువ్వు లేనప్పుడు నాకు నెలకు ఎంత అయితదో ఎరుకేనా?" అంది.

"ఎంత?"

"కరెంటు, గ్యాసు, పాలు, బీపీ గోళీలు అన్ని కలిపి ఎనిమిది వేలు. గండ్ల సగం నా బీడీలల్లనే ఎల్తది."

ఆయన నవ్వాడు. "నన్ను ఆపెటందుకు చెప్తున్నవ్."

"నా బిడ్డ మీద ఒట్టు."

"మరి నేను పంపిన పైసలు యాడికి పోయినయే?"

"కొన్ని బ్యాంకుల ఏస్తి. మిగిలినయి అప్పులకు."

"ఏం అప్పులు? వీసా అప్పు ఎప్పుడో తీరె గద."

"నువ్వు వచ్చి పోయినప్పటి అప్పులు," అంది రాధ, గొంతు తగ్గించి. "నువ్వు తెచ్చినయి పదిహేను రోజులల్ల అయిపోయేటివి. మిగిలింది సంఘంల ఎత్తుకొచ్చి పెట్టేది. నువ్వు పోయినంక ఏడాదిన్నర కట్టేది. అది తీరేటాల్లకు మల్ల నువ్వు వచ్చేది. నువ్వు పంపినయి నువ్వు వచ్చినప్పుడు తిన్నయే సంధ్య బాపూ."

పరశురాములు ముఖం మీద నవ్వు అట్లనే కొంతసేపు ఉండి, మెల్లగా పోయింది.

ఐలవ్వ ఇంట్లో కోడిని కోశారు. వీధంతా సాంచెల చప్పుడు. ఐలవ్వ ఆ చప్పుడు మీదికి గొంతు లేపి, "తమ్మీ, ఈసారి సెంటు సీస చిన్నగ ఉన్నది, షార్జాల గూడ కరువు వచ్చిందా?" అని నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు. ఫోన్ బయటికి తీయలేదు, మరునాడు కూడా మేనేజర్‌కు చేయలేదు.

కోరుట్లకు వచ్చిన పొద్దునే రాధ కిష్టవ్వ ఇంటికి పోయి చాట అడిగింది.

"మొగడు ఇంక పోలే గద పిల్లా?" అంది కిష్టవ్వ.

"పోలే పెద్దమ్మ."

"మరి చాటేంది?"

"ఆయిన చూడాలె," అంది రాధ.

ఆ రోజు నుంచి ఆమె మామూలుగా ఉంది. మామూలుగా ఉండడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. మటను తేలేదు. కల్లు చెప్పలేదు. చుట్టాలు ఫోన్ చేస్తే, "వచ్చేవారం చూద్దాం," అంది. చద్దన్నం తిని గడపలో కూర్చుంటే పొద్దు వాలేదాకా ఆకు కత్తిరించడం, పొగాకు నింపడం, చుట్టడం. మధ్యలో వంట. పరశురాములు మొదటి రోజు పొరపాటున వేరే ఇంట్లో దిగిన చుట్టంలా అటూ ఇటూ తిరిగాడు. ఫ్యాన్ కింద కూర్చున్నాడు, లేచాడు, చౌరస్తా దాకా పోయి వచ్చాడు. రెండో రోజు మంచం గడప దగ్గరికి జరుపుకున్నాడు. భార్య వేళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఆ వేళ్ల కొసలు గట్టిపడి, రెండు రోజులకే మళ్లీ నల్లబడి ఉన్నాయి. ఛుట్టీ నెలల్లో ఆమె నిమ్మచెక్కతో రుద్ది రుద్ది ఆ నలుపు పోగొట్టేదని ఆయనకు ఇప్పుడు అర్థమైంది. అర్థమైనట్టు ఆమెకు తెలిసింది.

మూడో రోజు అన్నం తింటూ, "రోజు గిదేనా?" అన్నాడు. పళ్లెంలో పచ్చిపులుసు, వేయించిన ఎండు మిరపకాయ, ఇంత మామిడి తొక్కు.

"రోజు మార్చి రోజు పప్పు చేస్త."

"మంచిగనే ఉన్నది." రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపాడు. "ఇన్నేండ్లల నాకు ఒక్కనాడన్న గిది ఎందుకు పెట్టలే రాధా?"

రాధ దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. ఊరు ఏమంటుందో అని. నీ అక్క ఏమంటుందో అని. నువ్వు పంపిన పైసలకు నేను ఇట్లా బతుకుతున్నానని తెలిస్తే నీకు చిన్నతనమవుతుందని. అవన్నీ వదిలేసి, "గాడ ఏం తింటున్నవో ఏమో, ఈడన్న మంచిగ తినాలెనని," అంది.

"గాడ గూడ గిదే తింటం," అన్నాడు పరశురాములు. "రూముల ఎనిమిది మందిమి. అందరం గీ దిక్కోళ్లమే, రాయికల్, మెట్‌పల్లి. శుక్రవారం ఒక్కనాడే కోడి. మిగిలిన రోజులల్ల పచ్చిపులుసే. చింతపండు ఈడికెల్లే తీసుకపోతం గద."

ఆ చింతపండు ప్రతిసారీ గింజ తీసి, ఎండబెట్టి, కట్టి ఇచ్చింది తనే. ఏం చేసుకుంటావని ఎన్నడూ అడగలేదు.

ఆ సాయంత్రం ఆయన గడపలో ఆమె ఎదురుగా కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. పదమూడు లక్షలు బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ, ఆమె బీడీలు, ఇద్దరికీ అయ్యే ఖర్చు. కలిపాడు, తీసేశాడు. ఎటు చేసినా సరిపోతూనే ఉంది. ఇంత మిగులుతూ కూడా ఉంది.

"సంధ్య పెండ్లి అయినప్పుడే వచ్చేది ఉండె," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

సంధ్య పెండ్లయి పదకొండేండ్లు. రాధకు ఆ ఏడు బాగా గుర్తుంది. పెండ్లి ఖర్చులన్నీ ముగిశాక ఫోన్‌లో ఆయన అడిగాడు, "ఇగ వచ్చేద్దామా మరి?" అని. అప్పుడు కూడా ఆమె అన్న మాట అదే, 'నీ ఇష్టం.' ఆ తరువాతే ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. జగిత్యాల దవాఖానలో బిడ్డ ఒక్కతే పక్కన ఉంది. ఆ తరువాతే ఆయన తల్లి పోయింది. ఆయన వచ్చేసరికి పదకొండో రోజు. ఇవన్నీ ఇప్పుడు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆ గడపలోనే వాళ్లిద్దరి మధ్య కూర్చున్నట్టుగా ఉంది. తిడితే బాగుండును అనుకుంది. ఆయన తిట్టలేదు.

"నేనన్న అడుగాలె," అన్నాడు చివరికి. "నెల ఎట్ల ఎల్తుందని ఒక్కసారన్న అడుగాలె. పైసలు ముట్టినయా అనే అడిగిన గని."

"నేనన్న చెప్పాలె," అంది రాధ.

మరునాడు ఆయన మేనేజర్‌కు ఫోన్ చేశాడు. గోదాం వద్దు, లెక్క తేల్చండి, ఒక్కసారి వచ్చి సంతకాలు పెట్టి పోతానన్నాడు. అవతలి మనిషి ఆశ్చర్యపోయినట్టుంది. "పక్కా?" అనడం రాధకు వినిపించింది. "పక్కా," అన్నాడు ఈయన. ఇరవై నాలుగేండ్లుగా ఈ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. వింటే కడుపు నిండిపోతుందనుకుంది. నిండలేదు. మంచి కబురే, కాని చాలా ఆలస్యంగా చేరింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కబురు సిరిసిల్లకు చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆదివారం ఐలవ్వ బస్సు దిగి నేరుగా ఇంట్లోకి వచ్చింది. చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"ఒంట్ల సత్తువ ఉండంగనే కొలువు ఇడిసిపెడుతరా తమ్మీ? కూసోబెట్టి అన్నం పెడుతమంటె వద్దంటివట. గీడ ఏమున్నది, ఈగలు కొట్టుకుంట కూసుంటవా?"

"కొన్ని రోజులు ఈగలే కొడుత అక్కా. గాడ ఈగలు గూడ లేవు," అన్నాడు పరశురాములు.

రాధ వంటింట్లోకి పోయింది. ఆడబిడ్డ వచ్చింది. చెయ్యి అలవాటు కొద్దీ పైసల డబ్బా మీదికి పోయింది. సందు చివర మటను కొట్టు తెరిచే ఉంటుంది. డబ్బా మూత మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తరువాత చెయ్యి తీసి, పొయ్యి మీది అన్నం దించింది.

ఇద్దరికీ పళ్లేలు పెట్టింది. ఐలవ్వ తన పళ్లెం వంక చూసింది, తమ్ముడి పళ్లెం వంక చూసింది. "ఏందే రాధా, ఎవలన్న సచ్చిండ్రా గీ ఇంట్ల? నా తమ్మునికి గిదా పెట్టేది?"

పరశురాములు తల ఎత్తకుండా అన్నం కలుపుతున్నాడు. "గిది ముందుగాల్నే పెడితె నేను ఎప్పుడో వచ్చేటోన్ని అక్కా," అన్నాడు.

ఐలవ్వ అది పరాచికమనుకుని పొరపోయేదాకా నవ్వింది. రాధ గరిటె పట్టుకుని వంటింటి గడపలో అట్లనే నిలబడింది. ఆ మాట తనను వెనకేసుకొచ్చిందో, తన మీద వేసిందో తెలియలేదు. ఆయన ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ లేదు. ఆకలైన మనిషి అన్నం తింటున్నాడు, అంతే. ఇక ముందు రోజూ ఇదే ఇంట్లో, ఇదే వేళకు ఆయన ముఖం చూస్తుంది. ఈ మాట సంగతి మాత్రం ఎన్నడూ అడగలేనని ఆమెకు తెలుసు.

"ఇంకింత పొయ్యి," అన్నాడు, పళ్లెం ముందుకు జరుపుతూ.

రాధ వంగి పచ్చిపులుసు పోసింది.