కృప కొలతకు జర్కిన్

రాధమ్మ తన పిల్లలకు ఏనాడూ ఒంటికి సరిపోయే బట్ట కొన్నది కాదు. పెరిగే పిల్లలకు పెద్ద సైజే కొనాలి, ముందు అక్క తొడగాలి, అక్కకు బిగువైతే తమ్ముడు తొడగాలి. మల్దకల్ దగ్గర వాళ్ల ఊళ్లో అందరూ చేసేది అదే. బడి తెరిచిన రోజున పిల్లలంతా వేళ్లు కనబడని చొక్కాలతో పోతుంటే ఎవరికీ వింతగా తోచదు.

అందుకే గద్వాల బస్టాండు ఎదురుగా అబ్దుల్ ఖాదర్ దుకాణంలో మోకాళ్ల దాకా వచ్చే నల్లటి జర్కిన్ చూడగానే ఆమె మనసు కుదిరింది. మగపిల్లలది. ఇంకా మంచిది.

కూతురు కృప గురుకులంలో తొమ్మిదో తరగతి. కొండలెక్కే శిక్షణకు ఎంపికైంది. మర్నాడే మంచు కొండల వైపు రైలెక్కాలి. చలికి ఆగలేని పిల్లను కింది డేరాల్లోనే కూర్చోబెడతారని, పైకి పంపరని సారు ముందే చెప్పాడు. కృపకు ఉన్న భయమల్లా అదొక్కటే.

"అమ్మ, ఇది వద్దు. ఒంటికి పట్టినట్టుండాలన్నరు సారు. వదులుంటే గాలి సొర్రుతదంట."

"సారుకేంది, చెప్పిపోతడు. నువ్వు పెరగవా? మల్ల నీ తమ్ముడు పాల్ గాడు తొడుక్కుంటడు."

"వాడెందుకే? కొండెక్కేది నేను."

అబ్దుల్ ఖాదర్ నవ్వాడు. "అక్కా, గా జర్కిన్ల మీరిద్దరు పట్టేటట్టున్నరు. నువ్వు గూడ పోతున్నవా ఏంది?"

"నువ్వు నవ్వకు భాయ్. చలికి పెద్దదే మంచిది, దుప్పటి కప్పుకున్నట్టుంటది. తొడుగు పిల్లా."

కృప తొడిగింది. చేతులు లోపలే ఎక్కడో ఉండిపోయాయి.

"తాడు పట్టుకొని ఎక్కాలె అమ్మ" అంది నెమ్మదిగా. పై అరల సరుకు తీయడానికి గోడకు ఆనించిన నిచ్చెన ఉంటే, దాన్ని పట్టుకోబోయింది. వేళ్లకు బదులు జర్కిన్ చేతుల కొసలు మెట్టుకు తగిలి జారాయి. పైకి మడుచుకుంది. మళ్లీ జారాయి.

రాధమ్మ చూస్తూ నిలబడిపోయింది. విత్తనాల కోసం మొగ్గలు ఒలిచి పుప్పొడి అద్దే సీడు పత్తి చేలోకి కూలికి పోయిన మొదటి ఏడు, పెనిమిటి నిండు చేతుల చొక్కా చీర మీద తొడుక్కుంది. మొగ్గ తొక్క గిల్లబోతే చొక్కా చెయ్యి వచ్చి వేళ్ల మీద పడేది. ఎన్ని మొగ్గలు విరిచిందో, ఎన్ని మాటలు పడిందో. చివరికి కత్తెర తీసుకుని ఆ చేతులు కోసి పారేసింది. ఆ తరువాత చేలో ఆమెకు ఎదురు లేదు. వేళ్లు మూసుకుపోతే మనిషి ఎంతటిదైతే ఏం లాభం?

"విప్పు" అంది.

"ఏమైందమ్మ?"

"విప్పవే. భాయ్, దీని కొలతది తియ్యి. లోపల స్వెటర్ పట్టాలె. మణికట్టు కాడ బిగువుండాలె."

"పెరుగుతదంటివి గదక్కా?"

"పెరగనియ్యి. నువ్వు ముచ్చట్లాపి జర పైన చూడు."

వెతగ్గా వెతగ్గా నారింజ రంగుది దొరికింది. స్వెటర్ మీద తొడిగించి, రాధమ్మే జిప్పు గొంతు దాకా లాగింది. నడుము దగ్గర వేలు దూర్చి చూసింది. చంకల కింద తడిమింది. మణికట్టు పట్టీలు బిగించింది.

"ఎక్కు" అంది.

కృప నిచ్చెన పట్టుకుంది. ఏదీ జారలేదు. తల పైకప్పుకు తగిలేదాకా ఆగకుండా పోయి, ట్యూబ్‌లైటు పక్కనుంచి కిందికి చూసి నవ్వింది.

"దిగు బిడ్డా, నా దుకాణం కొండ కాదు" అన్నాడు అబ్దుల్ ఖాదర్.

మధ్యాహ్నపు ఎండలో కూడా కృప దాన్ని విప్పలేదు. మల్దకల్ ఆటోలో చెమటలు కారుతుంటే ఊరి ముసలాయన జంగయ్య అడిగాడు.

"పిల్లకు జరమొచ్చిందా రాధమ్మ? గిట్ల మూట గట్టినవ్."

"జరం గాదు తాతా. మంచు కొండ ఎక్కవోతుంది."

"గింత పిల్ల ఏం ఎక్కుతదే?"

రాధమ్మ కూతురి చేతులు రెండూ పట్టుకుని, ఆటోలో అందరికీ కనబడేటట్టు పైకెత్తింది.

"సూడు దాని చేతులు" అంది.

"అమ్మ, ఇడువు" అని కృప సిగ్గుతో గింజుకుంది. రాధమ్మ విడవలేదు.