చలికి ఆగినవి, మందుకు ఆగినవి

మళ్ళీ కిటికీ తెరిచేశాడు మహానుభావుడు, జనవరిలో, బెర్లిన్‌లో, మైక్రోస్కోపు గదిలో, పొద్దున్నే గాలి మార్చకపోతే ఈ దేశంలో ఎవరికీ పని మొదలైనట్టుండదు, నేనూ ఇంట్లో అదే చేస్తాను, కానీ ఇక్కడ బల్ల మీద నా కణాలున్నాయి కదా, మనిషి చర్మం నుంచి తీసి పిండం తొలిదశకు వెనక్కి తిప్పిన కణాలు, మూతకు చుక్కలుగా వేలాడదీసి పెంచితే గుండె కండగా మారి వాటంతటవే కొట్టుకునేవి, ఇప్పుడు ఏ గిన్నెలోనూ చలనం లేదు, బంగాళాదుంప తోటల్లో చల్లే కొత్త మందు కడుపులో బిడ్డకు ముప్పేమో చూద్దామని కలిపిన వాటిలో లేదు, ఏమీ కలపని వాటిలోనూ లేదు, చూశారా వీబ్కె గారూ, మందు కలపనివే ఆగిపోయాయి, మీ పరీక్షే తప్పు, ఎలుకల పరీక్షలో మందు నెగ్గింది, కంపెనీ వాళ్ళకి అదే చెప్పేద్దాం, అని నాతో అంటున్నారు కిటికీ తెరిచిన ఆ మహానుభావుడే, మా ల్యాబు పెద్ద టీడెమాన్, మెడకు మఫ్లరు చుట్టుకుని మరీ, అంటే ఆయనకు చలేస్తుంది, కణాలకు వేయదన్నమాట.

ఎలుకలు నెగ్గించాయట, మా గెర్లిండె పెద్దమ్మ వింటే పడీ పడీ నవ్వుతుంది, ఆమెకు భుజాల దగ్గరే అరచేతులు, అరవై ఒకటిలో పుట్టింది, కడుపుతో ఉన్న అమ్మమ్మ నిద్ర పట్టక మందుల షాపులో మాత్రలు కొనుక్కుంది, డాక్టరు చీటీ కూడా అడగలేదట, ఏ ప్రమాదమూ లేదన్నారట, తర్వాత అదే మందు ఎలుకలకు పెట్టి చూస్తే పిల్లలు చక్కగా పుట్టాయి, ఎలుకలకేమే, కాళ్ళూ చేతులూ బాగానే వచ్చాయి, నేనూ ఎలుకనై పుట్టాల్సింది, అంటూ పాదంతో కాఫీ కప్పు అందుకుంటుంది, నేను నవ్వకపోతే ఒప్పుకోదు, ఒసే, నవ్వవే, జోకు నాది, నీకెందుకే ఏడుపు, అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు, పురిటి మంచం మీద బిడ్డను చూసేదాకా ఆవిడకు ఏమీ తెలియదు, ఈ కోపం నాకు ఉగ్గుపాలతో వచ్చింది కాబోలు.

ధడాలున కిటికీ మూశాను, ఏమిటండీ ఇది అన్నారు, చలికి ఆగాయి డాక్టరు గారూ, వాటిని కాస్త వేడెక్కనివ్వండి, సాకులు చెప్పకండి, సాకు కాదు, కూర్చోండి, గిన్నెలన్నీ వెచ్చటి అలమారలో పెట్టి దాని తలుపుకు అడ్డంగా నిలబడ్డాను, పెద్దాయనైతే ఏమిటట, ఉద్యోగం పోతే పోనీ, ఈ మందు భద్రమని నా చేత్తో రాయను, చాలాసేపటికి మందు కలపని గిన్నె తీసి వేడి బల్ల మీద పెట్టి చూశాను, ఓ మూల ఏదో అదిరింది, మళ్ళీ అదిరింది, దాని పక్కది, ఆ పక్కది, అన్నీ లయ అందుకున్నాయి, రండి, చూడండి, అని మఫ్లరు పట్టుకుని లాగినంత పని చేశాను, చూశారు, ఇక మందు కలిపినవి, అదే వేడి, అదే బల్ల, కదలవు, కాస్త ఆగుదామన్నారు, ఆగాం, కదలవు, చావనూ లేదు, బతికే ఉన్నాయి, గుండెగా మారడమే మానేశాయి, కంపెనీ వాళ్ళు ఊరుకోరండీ, అన్నారు గొంతు తగ్గించి, ఊరుకోకపోతే నా దగ్గరికి పంపండి, అన్నాను.

ఆయన వెళ్ళిపోయారు, గెలిచానన్న సంబరమేమీ లేదు, బతికే ఉండి గుండె కాలేకపోయిన ఆ ముద్దలను చూస్తూ ఉండిపోయాను, ఇక్కడ ఎవరూ పుట్టలేదు, ఎవరూ ఏడవలేదు, ఏ ఎలుక కడుపూ కోయలేదు, జరగాల్సిన ఘోరమంతా ఈ చుక్కలోనే జరిగి ఇక్కడే ఆగింది, ఈసారి ఏ తల్లికన్నా ముందు నాకు తెలిసింది.