బండకు వన్స్ మోర్

పోయిన ఏడాది మా నాటకంలో రంగం మార్చడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆలోపు జనం బేతంచెర్ల స్టేషన్ దగ్గరికి టీకని వెళ్లారు. సగం మంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్లు థర్మాకోల్‌తో చేసిన అరుగును చూసి పకపకా నవ్వారు. బండలు కోసి, పాలిష్ పట్టి బతికే ఊళ్లో దొంగ బండ పెడితే నవ్వరా మరి!

తెర వెనక పని నాది కాబట్టి తప్పంతా నా నెత్తిన పడింది. మా కార్మికుల నాటక సంఘానికి అధ్యక్షుడు, రచయిత, హీరో అన్నీ గాబ్రియేలన్నే. ఈసారి రిహార్సల్ మొదలైన రోజే తేల్చి చెప్పాడు.

"చూడు ప్రసన్నా, రంగం మారేటప్పుడు ఒక్కడు కుర్చీలోంచి లేసినా, వచ్చే ఏడు ఈ పని కర్నూలోళ్లకు ఇచ్చేస్తా. నువ్వు వాకిట్లో టికెట్లు చింపుకుంటా కూర్చో."

ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఆ తాళ్లు, ఆ లైట్లు నా చేతి కింద ఉన్నాయి. చీకట్లో ఏ సామాను ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ పనంటే నాకు ప్రాణం.

"సరేలే అన్నా. ఒక్కడు లేసినా నేనే పోయి వాకిట్లో కూర్చుంటా" అన్నాను. రోషం అట్లాంటిది.

లారీలకు బండలెత్తే ముఠా మేస్త్రీ వలి సాహెబ్‌ను పట్టుకుని, అరుగుకు అసలు బండే తెప్పించాను. ఆరడుగుల బండ, నలుగురు ఎత్తాలి. తెర వెనక చప్పుడు వినబడకూడదన్నది నా నియమం. అక్కడే చిక్కొచ్చింది. ఒకడు ముందుగా ఎత్తితే ఇంకొకడు ఆలస్యంగా ఎత్తుతున్నాడు.

"అరవకుండా ఎత్తమంటే ఎట్లమ్మా? పిలుపు ఇనపడకుంటే మా చేతులు లేయవు" అని మొత్తుకున్నాడు వలి సాహెబ్. నేను వినలేదు. బండ మీద వేలితో తట్టే సైగ నేర్పించి, పది రోజులకు రెండు నిమిషాల్లోకి తెచ్చాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి చర్చి వెనక హాలు కిటకిటలాడింది. కిటికీలకు లారీల టార్పాలిన్ పట్టాలు కట్టి చీకటి చేశాం. మొదటి రంగం అయిపోయింది. తెర పడింది, లైట్లు ఆరాయి. వలి సాహెబ్ బండ మీద తట్టాడు. హాల్లో మాటల రొదకు ఆ తట్టు అందరికీ వినబడలేదు. బండ జానెడు లేచి కిందికి దిగింది. మళ్లీ తట్టాడు. మళ్లీ దిగింది. ఒకటిన్నర నిమిషం అయిపోయింది.

తెర అవతల కుర్చీలు కిర్రుమన్నాయి. "రాప్పా, టీ తాగొస్తాం" అన్నారెవరో.

నియమం గంగలో కలవనీ అనుకున్నాను. "చాచా! పిలుపు ఇయ్యి! గట్టిగా!"

"ఎత్తుకోరా..." అని ఆయన పిలుపు అందుకోగానే "ఐసా!" అన్నారు మిగతా ముగ్గురూ. బండ లేచింది. "పట్టుకోరా..." "హైసా!"

ఈ 'హైసా' ముగ్గురిది కాదు. తెర అవతల ముందు వరసలోంచి వచ్చింది. తర్వాతిది గోడలు అదిరేలా వచ్చింది. హాలు నిండా రోజూ ఆ కేకతోనే బండలెత్తేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు! బండ గాల్లో తేలుతూ వెళ్లి అరుగు దిమ్మెల మీద కూర్చుంది. నేను తెర తాడు లాగాను, లైట్లు వెలిగాయి.

ఒక్కడు కాదు, హాలంతా లేచి నిలబడి ఉంది.

గాబ్రియేలన్న రంగం మీదికొచ్చి నోరు తెరిచాడో లేదో, "వన్స్ మోర్!" అని అరుపులు. అన్న మొహం వెలిగిపోయింది. "ఇంగా ఏమీ చెప్పలేదు కదప్పా!"

"నీకు కాదన్నా, బండకు!"

హాలు ఘొల్లుమంది. అన్న అంతమందిని, నిలబడ్డవాళ్లందరినీ చూశాడు. తర్వాత పక్కకు తిరిగి, తాడు పట్టుకున్న నన్ను చూశాడు. ఆరేళ్లలో ఎప్పుడూ అడగని మాట అడిగాడు.

"ఏం చేద్దాం ప్రసన్నా?"

"తెర ఎయ్యను. లైట్లు ఆర్పను. ఈసారి అందరూ చూడాల. పక్కకు జరుగన్నా!"

చెప్పులు విడిచి వెలుగులోకి నడిచాను. ముఠా నలుగురూ మళ్లీ వచ్చి బండకు చేతులు వేశారు. వలి సాహెబ్ నా వైపు చూసి తలూపాడు.

"ఎత్తుకోరా!" అని నేనే కేకేశాను.