మొదటి ముడి

శరత్కాల ప్రభాతమున భీమునిపట్టణ సముద్రతీరము వర్షావసాన నిర్మలమైన గగనముక్రింద అప్పుడే తోమి బోరగిలించిన వెండిపళ్లెమువలె మెఱయుచుండెను. వేటకేగిన తెప్పలు దరిజేరుచుండగా వలలు దులుపు మగవారి కేకలును బేరమాడు స్త్రీల వాదములును తరంగఘోషముతో గలిసి వీధులదాక వినవచ్చుచుండెను. ఆ కోలాహలమునకు కూతవేటు దూరమున నొక పెంకుటింటి వసారాలో గరికిన హేమలత యను యువతి కంప్యూటరు ముందు గూర్చుండి మూడవదినమునను అదే దోషవాక్యమును చదువుచుండెను.

హైదరాబాదున ప్రోగ్రామరుగా నుద్యోగము చేయుచు సెలవులకు వచ్చిన యామెకు స్వహస్తనిర్మితమైన మృదులేఖ యను టెక్స్ట్ ఎడిటరు ప్రాణసమానము. దానికి రూపములు రెండు. నల్లని తెరపై వట్టి యక్షరములతో నడచునది యొకటి. కిటికీయు మెనూలును మౌసునకు లొంగు బొత్తాములునుగల డెస్క్‌టాప్ రూపము రెండవది. నల్లతెరమీద తెలుగు వత్తులు అక్షరములను విడిచి చెల్లాచెదరగును. కిటికీలో మాత్రము తీర్చిదిద్దినట్లు నిలుచును. కోరినంత పెద్దవియు నగును. వ్రాసిన ఫైళ్లను కూర్చి నడచు ప్రోగ్రాముగా మలచు పనికి బిల్డు అని పేరు. ఆ కిటికీరూపమే మూడుదినములనుండి బిల్డు కాకుండెను.

దానికొఱకు వేచియున్నవారు మైలపల్లి సింహాచలము మాస్టారు. తెప్పలవారి యింట బుట్టి తెలుగు పండితుడై ముప్పదియేండ్లు పాఠములు చెప్పి హేమలతకును అక్షరముల రుచి చూపిన యా మహనీయుడు తనవారి నోట మాత్రమే బ్రతుకుచున్న సముద్రపుమాటలను నలువదియేండ్లు చీటీలపై గూర్చి నిఘంటువు రచించుచుండెను. అకారము మొదలు లకారమువఱకు ముగిసినది. వకారమున వల యను మాటకడ కన్నులు మొరాయించెను. వేసవి వచ్చునప్పటికి పెద్దయక్షరములు సైతము గోచరింపవని వైద్యుడు నిష్కర్షగా జెప్పెను. మీరు చెప్పుడు నేను వ్రాసెదనని హేమలత యన్నను మాస్టారు సమ్మతింపలేదు. తన మాటను తన కంటితో చూచి దిద్దుకొననివాడు నిఘంటుకారుడే కాడని యాయన మతము. ఇట్టి పట్టుదలను మొండితన మందురు గాని అదిలేనివా రెవ్వరును నలువదియేండ్లు చీటీలు వ్రాయరు.

హేమలత ఓర్పును మెచ్చుకొనక తప్పదు. కిటికీని గీయుటకు ఇతరులు వ్రాసియుంచిన ప్రోగ్రాముల మూటయగు గ్రాఫికల్ లైబ్రరీకి తాను కొత్తకూర్పు చేర్చిన దినముననే బిల్డు చెడుటచేత నేరమంతయు దానిదే యని తలచి ఆ లైబ్రరీని నాలుగుమాఱులు తీసివేసి నాలుగుమాఱులు మరల నిలిపెను. విసుగుకొనలేదు. కిటికీభాగములు దొరకలేదను కడపటి వాక్యము మాత్రము మాఱలేదు.

అంతలో చేతికఱ్ఱ తాటించుకొనుచు మాస్టారు వసారా యెక్కెను. ఆయన యెదుట గ్రాంథికము పలుకుట హేమలతకు బడినాటి యలవాటు.

"కిటికీ తెఱచుకొనెనా హేమా?"

"లేదు మాస్టారూ. కడపటి దోషము కదలకున్నది."

"కడపటిదా? వల చిక్కుపడినప్పుడు చేతికందిన చోట లాగువాడు వలను చింపును. వేటకేగి బ్రతికిన మీ తాత నీకిది చెప్పలేదా? మొదటి ముడి యెక్కడ నున్నదో చూడుమమ్మా."

హేమలత సిగ్గుపడెను. ఇంటిలో పుట్టిన విద్యను కంప్యూటరు ముందు మఱచితినిగదా యని నొచ్చుకొని కడపటి వాక్యమును విడిచి దోషముల పట్టికను పైకి జరపసాగెను. ఒక దోషమును బట్టి యింకొకటి పుట్టిన వేలకొలది పంక్తులను దాటి తుదకు అన్నిటికిని మొదటిదానిని జేరెను. కిటికీరూపమును ఏయే ఫైళ్లతో కూర్పవలయునో చెప్పు పట్టికలో మొదటి పంక్తియే బోధపడలేదని యంత్రము వినయముగా మనవి చేసికొని ఆ పట్టికను మొత్తము ప్రక్కనబెట్టి యుండెను. ఆమె పట్టిక దెఱచెను. మొదటి పంక్తిలో నున్నది ఒక్కటే యక్షరము. శ్రీ.

అప్పుడామెకు జ్ఞప్తికి వచ్చెను. మెనూలకు తెలుగుమాటలు కూర్చి యిచ్చిన మాస్టారిని గౌరవింపనెంచి ఆ మాటల ఫైలు పేరును పట్టికలో మీ చేతులతోనే చేర్పుడని ఆ లైబ్రరీ కొత్తకూర్పు చేర్చిన దినముననే తానే కోరెను. శ్రీకారము చుట్టక కాగితముపై కలము పెట్టని యాయన పేరు చేర్చుటకు ముందు పైన శ్రీ యుంచెను. నల్లతెర రూపమున కా పట్టికతో పనిలేదు కావున అది నిక్షేపముగా నుండెను. కొండను ద్రవ్వి యెలుకను బట్టినవా రుందురు గాని శ్రీకారమును బట్టినది ఆమె యొక్కతెయే.

ఒక్క బొత్తాము నొక్కిన శ్రీ మాయమగును. మాస్టారికి తెలియనే తెలియదు. వ్రేలు బొత్తాముపై నిలిచెను గాని నొక్కలేదు. ఆమె శ్రీకి ముందు రెండు నిలువుగీతలును రెండు అడ్డగీతలునుగల హ్యాష్ గుర్తు నుంచి మరల బిల్డు నడపెను. కొన్ని నిమిషములకు కిటికీ తెఱచుకొనెను. తాటికాయలంత యక్షరములతో మెనూలు వెలసెను. మాస్టారు ముఖము దగ్గఱకు జేర్చి ఒక్కొక్క మాటనే పైకి చదివెను.

"మొదటి ముడి యెవరు వేసిరి?" అని తుద కడిగెను.

"మీరే మాస్టారూ" అని ఆమె దాచక పట్టికను జూపెను.

ఆయన ముఖము చిన్నబోయెను. "నా చేతితో నేనే తలుపు మూసికొంటినా. తీసివేయకపోతివా తల్లీ."

"శ్రీకారము మనుష్యుల కొఱకు మాస్టారూ. ముందున్న గుర్తు యంత్రము కొఱకు. అది యున్న పంక్తి తనకు గాదని యంత్రము ప్రక్కకు తొలగి పోవును."

"అయినచో దానికిని మర్యాద నేర్పితివి" అని మాస్టారు నవ్వి కుర్చీ దగ్గఱకు లాగికొని వల యను మాటను ఒక్కొక్క యక్షరమే వెదకి కొట్టెను.

ఫాల్గుణమాసమున హైదరాబాదులో హేమలతకు మాస్టారి పోస్టుకార్డు వచ్చెను. పంక్తులు ఒకదానిమీద నొకటి యెక్కి వాలిపోయియుండెను. హకారము ముగిసినదనియు చూపును ముగిసినదనియు రెండింటిలో హకారమే ముందు ముగిసినదనియు అందు వ్రాసియుండెను. హేమలత కన్నులు తుడుచుకొని కార్డును మరల మొదటినుండి చూచెను. యంత్ర మెన్నడును చదువని యా కార్డు తలపై శ్రీకారమునకు ముందు గీసిన రెండు నిలువుగీతలును రెండు అడ్డగీతలును ఉండెను.