చుట్ల లెక్క

మొగుడు నడుస్తాడు, పెళ్లాం లెక్కపెడుతుంది. మూడు నెలలుగా పొద్దున్నే పార్కులో జరిగేది ఇదే. షుగరు బోర్డర్‌లో ఉంది, రోజూ పది చుట్లు నడవండి అని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆయనకు నడక పట్టుబడింది గానీ లెక్క పట్టుబడలేదు. ఏదో ఆలోచనలో పడి మర్చిపోతాడట. అందుకని ఆమె చీకటితోనే లేచి, వంట సగం ముగించి, అత్తగారికి కాఫీ ఇచ్చి, ఆయన తువ్వాలు, నీళ్ల సీసా, ఫోను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటుంది. ఎదురుగా వచ్చినప్పుడల్లా ఆయన "ఎన్నోది?" అంటాడు. ఆమె చెబుతుంది. ఆ గంటలో వాళ్లిద్దరి కబుర్లూ అంతే.

ఇంట్లో ఆయన తీపి మానేశాడు. ఇంటికి తీపి రావడం మాత్రం మానలేదు. బంధువులు తెచ్చిన మిఠాయిలు, కంచంలో ఆయన పక్కకు నెట్టిన అన్నం, పారేయడానికి చేతులు రాక ఆమే తినేది. "పారేస్తావా ఏంటి, నువ్వు తినెయ్యమ్మా. నీకేం జబ్బు?" అనేది అత్తగారు. ప్రేమగానే అనేది, వచ్చిన చిక్కల్లా అదే.

నిన్న క్లినిక్కులో ఆయన షుగరు నంబరు బాగా దిగింది. నర్సు సంబరపడి, నిద్ర పడుతోందా, ఒంట్లో హుషారుగా ఉందా, మనసు తేలిగ్గా ఉందా అని కాగితం చూసి ఒక్కొక్కటే అడిగితే, బ్రహ్మాండం అన్నాడు. ఆ నర్సే ఎందుకో ఆమె మొహం పరీక్షగా చూసి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా అంది. ఆమె అంత పొద్దున ఏనాడు తిన్నది గనక. వేలికి సూది గుచ్చితే, మూడు నెలల కిందట ఆయనకొచ్చిన నంబరు కంటే ఎక్కువ వచ్చింది. ఇంకా గీత దాటలేదు, రోజూ నడిస్తే ఆపొచ్చు అని చెప్పి, నర్సు అదే కాగితం మళ్లీ మొదటినుంచి చదివింది. నిద్ర పడుతోందా? అలా తనను అడిగినవాళ్లు లేరు. ఆమె నోరు తెరిచేలోపే జవాబు ఆయనే చెప్పాడు.

"తనకేమండీ, హాయిగా ఉంటుంది. ఇంటిపని కంటే వ్యాయామం ఏముంది?"

ఆమె తల్లికీ ఇంటిపనే వ్యాయామం. షుగరు ముదిరి కాలు తీసేశాక కూడా ఆ తల్లి చెప్పులు రెండూ తుడిచి గుమ్మం పక్కన పెట్టుకునేది. అది గుర్తొచ్చి ఆమె ఇంటికెళ్లే దారిలో ధైర్యం చేసి, రేపటినుంచి నేనూ నడుస్తానంది.

"నువ్వు నడిస్తే లెక్కెవరు పెడతారు?" అన్నాడాయన, నవ్వుతూ.

ఆమె కూడా అలవాటుకొద్దీ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తెల్లారేదాకా తనను తాను తిట్టుకుంది. చచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చుంటానేమో అని భయమేసింది.

ఇవాళ ఆయన నాలుగో చుట్టు దాటి వెళ్లాక ఆమె తన పాదాలకేసి చూసుకుంది. రెండూ ఉన్నాయి. తువ్వాలు, సీసా, ఫోను బెంచీ మీద పెట్టి లేచింది. మొదటి మలుపు రాకముందే ఆయాసం ముంచుకొచ్చింది. పడితే ఇక్కడే పడతాను గానీ వెనక్కి పోను అనుకుంది.

బెంచీ ఖాళీగా కనబడి గాభరాపడ్డాడో ఏమో, ఆయన వెనకనుంచి రొప్పుతూ వచ్చి కలిశాడు. ఏం అడగాలో తోచక రోజూ అడిగేదే అడిగాడు.

"ఎన్నోది?"

"మొదటిది," అందామె, ఆగకుండా.